గ్యాస్, షుగర్, పక్షవాతం: రోగం పేరు మనల్ని ఎటు పరుగెత్తిస్తుంది?

2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో తయారు కాని ఏ పానీయం పేరులోనూ 'ఓఆర్ఎస్' (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు) అనే మాట ఉండకూడదని దాని సారాంశం. 2022లో ఇదే సంస్థ మరోలా చెప్పింది. 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ కాదు' అని డబ్బా మీద రాస్తే చాలు, పేరులో ఆ మాట వాడుకోవచ్చని ఒప్పుకుంది. ఆ వెసులుబాటును తీసేయించడానికి హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడారు. విరేచనాలతో వాడిపోయిన పిల్లను ఇంట్లో పడుకోబెట్టి మెడికల్ షాపుకు ఉరికిన తల్లి పేరు చూసి డబ్బా తీసుకుంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదివేంత తీరిక ఆమెకు ఎక్కడిది?

మూడు అక్షరాల మీద ఇంత రచ్చ ఎందుకని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కానీ ఆరోగ్యం విషయంలో మనం మొదట చేసే పని ఏమిటో చాలాసార్లు పేరే నిర్ణయిస్తుంది. 'గ్యాస్' అనుకుంటే సోడా తాగుతాం, 'అమ్మవారు' అనుకుంటే వేపకొమ్మ తెస్తాం, 'నీరసం' అనుకుంటే సీసా ఎక్కించుకుంటాం. ఆ మొదటి అడుగు సరైన వైపు పడిందా లేదా అన్నది ఆ పేరు పెట్టినవాళ్లకు రోగం గురించి ఎంత తెలుసు అనే దాని మీద ఆధారపడి ఉంటుంది.

పేరు పెట్టిననాటి అంచనా

చాలా రోగాలకు పేర్లు ముందు వచ్చాయి, కారణాలు తర్వాత తెలిశాయి. మలేరియా అంటే ఇటాలియన్ భాషలో 'చెడ్డ గాలి'. చిత్తడి నేలల నుంచి లేచే కంపు గాలి వల్ల ఆ జ్వరం వస్తుందని ఐరోపా వాళ్లు నమ్మారు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసేదాకా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు. ఇన్‌ఫ్లూయెంజా కూడా ఇటాలియన్ మాటే. నక్షత్రాల 'ప్రభావం' వల్ల జలుబు జ్వరాలు ఊరంతా పాకుతాయని పెట్టిన పేరు. గాలి తప్పని తేలింది, నక్షత్రాలు తప్పని తేలింది, పేర్లు మాత్రం అట్లనే ఉండిపోయాయి.

తప్పు పేరు ఎప్పుడూ తప్పు పనే చేయిస్తుందని కూడా అనలేం. చెడ్డ గాలి పోవాలని చిత్తడి నేలలు ఎండగట్టిన చోట మలేరియా నిజంగానే తగ్గింది. దోమలు పెరిగేది ఆ నీళ్లలోనే కదా. కారణం తెలియకుండానే మందు కుదిరింది. మన మాటల్లో కూడా ఈ రెండు రకాలూ కనిపిస్తాయి.

పక్షవాతం: చెయ్యి పడిపోయింది, దెబ్బ తలలో

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని 'కాలు చెయ్యి పడిపోయింది' అంటారు, లేదంటే 'పెరాలసిస్ వచ్చింది' అంటారు. పుస్తకాల మాట పక్షవాతం. పక్షం అంటే ఒక వైపు. వాతం అంటే ఆయుర్వేదం చెప్పే మూడు దోషాలలో ఒకటి. ఒక వైపున వాతం చెడితే ఆ వైపు కాలూ చెయ్యీ ఆడవని అర్థం.

మనిషిని చూస్తే ఈ పేరు సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. కుడి చెయ్యి లేవదు, కుడి కాలు ఈడుస్తాడు, మూతి వంకర పోతుంది. అందుకే ఇంట్లోవాళ్ల చూపంతా చేతి మీద, కాలి మీద ఉంటుంది. నూనె రాస్తారు, పిసుకుతారు. పావురం రక్తం పూస్తే నయమవుతుందని వెతుక్కుంటూ తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేరు కూడా వాళ్లను అటే చూడమంటుంది. అందులో చెయ్యి ఉంది, కాలు ఉంది, వైపు ఉంది. మెదడు లేదు.

అసలు దెబ్బ తగిలింది మెదడుకు. ఎక్కువ మందిలో మెదడుకు రక్తం తీసుకెళ్లే గొట్టంలో గడ్డ అడ్డం పడుతుంది, కొందరిలో గొట్టం చిట్లి రక్తం కారుతుంది. మెదడు ఎడమ భాగం ఒంటి కుడి వైపును నడుపుతుంది కాబట్టి ఎడమన దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోతుంది, చాలామందికి మాట కూడా పోతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని అంచనా. గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లో ఇస్తేనే మేలు. అదీ ముందు సీటీ స్కాన్ తీసి, రక్తం కారడం లేదని తేల్చుకున్నాకే. కారుతున్నచోట అదే మందు ప్రాణం తీయగలదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఏటూరునాగారం దగ్గరి పల్లెలో ఒకాయనకు పొద్దున ఆరు గంటలకు చాయ్ తాగుతుంటే గ్లాసు జారింది, మూతి వంకర పోయింది. గంట సేపు నూనె రాశారు. ఏడింటికి ఊరి ఆరెంపీ వచ్చి బలం సూది వేసి, 'మధ్యాహ్నం దాకా చూద్దాం' అన్నాడు. తొమ్మిదింటికి మాట కూడా పోతే అప్పుడు బండి వెతికారు. వరంగల్ అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. పట్నం చేరి, స్కాన్ అయ్యి, రిపోర్టు చేతికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మందుకు గడువు పదిన్నరకే అయిపోయింది. అదే ఆరుంబావుకు 108కి ఫోన్ చేసి ఉంటే తొమ్మిదిన్నర లోపే స్కాన్ బల్ల మీద ఉండేవాడు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే గడియారం ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? లేచినప్పటి నుంచి కాదు. చివరిసారి మంచిగా ఉన్నట్టు ఎవరైనా చూసిన సమయం నుంచి లెక్కపెడతారు. రాత్రి పదింటికి మాట్లాడి పడుకున్న మనిషి పొద్దున ఐదింటికి ఇట్లా కనిపిస్తే ఏడు గంటలు గడిచినట్టే లెక్క. అయినా ఇక చేసేదేమీ లేదనుకోవద్దు. పెద్ద నాళం మూసుకుపోయినవాళ్లలో కొందరికి, స్కాన్‌లో అనుకూలంగా కనిపిస్తే, 24 గంటల దాకా కూడా గడ్డను తీగతో లాగేసే వైద్యం పెద్ద ఆసుపత్రుల్లో ఉంది.

ఆయుర్వేదం తెలిసినవాళ్లు ఈ చర్చలో ఒక మాట అడ్డం వేస్తారు, అది వినదగ్గదే. 'వాతం అంటే ఉట్టి గాలి అని మీరే అర్థం చేసుకుని మా మీద తోస్తున్నారు. ఒంట్లో కదలికను, స్పర్శను నడిపించేదాన్నే మా శాస్త్రం వాతం అంది. అది నరాల పనికి దగ్గరి ఊహే' అంటారు. సంస్కృత గ్రంథాల్లో ఈ రోగానికి పక్షాఘాతం అనే పేరు కూడా ఉంది, అంటే ఒక వైపు తగిలిన దెబ్బ. ఇంగ్లిష్ వాళ్ల 'స్ట్రోక్' కూడా దెబ్బే, మొదట్లో దేవుడి చేతి దెబ్బ అనే అర్థంలో వాడారు. కాబట్టి ఆ మాట పెట్టినవాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు. వాళ్ల కాలంలో సీటీ స్కాన్ లేదు, గడ్డ కరిగించే మందూ లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి కాబట్టే గంటలు లెక్కకు వస్తున్నాయి.

గ్యాస్ అనే గోనెసంచి

పక్షవాతం పాత మాట కాబట్టి తప్పుదారి పట్టించింది, ఇంగ్లిష్ మాటైతే ఆ బాధ ఉండదని ఎవరైనా అనుకుంటే 'గ్యాస్' సంగతి చూడాలి. మన దగ్గర ఈ ఒక్క మాటలో ఎన్ని పడతాయో లెక్క లేదు. పుల్లటి తేన్పు గ్యాస్, కడుపు ఉబ్బరం గ్యాస్, పక్కటెముకల్లో పోటు గ్యాస్, వీపులో పట్టేసినా గ్యాస్, తల తిరిగితే గ్యాస్ తలకెక్కినట్టు.

ఇవన్నీ ఒకటి కావు. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నితే మంట పుడుతుంది, దానికీ గాలికీ సంబంధం లేదు. పేగుల్లో నిజంగా గాలి నిండితే ఉబ్బరం వస్తుంది, అది పైకీ కిందికీ పోతుంది తప్ప వీపులోకో తలలోకో పాకే దారి లేదు. మూడోది గుండెపోటు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగబట్టినట్టు ఉండే ఆ నొప్పి దవడకు, ఎడమ చేతికి, వీపుకు పాకవచ్చు. కొందరికి పొట్ట పైభాగంలోనే అనిపిస్తుంది, చెమటలు పడతాయి, వాంతి వచ్చినట్టుంటుంది. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండానే గుండెపోటు రావచ్చు. అట్లాంటివాళ్లు 'జెర గ్యాస్ పట్టింది, అంతే' అని ఒక గోలీ మింగి పడుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఈ గందరగోళం మన ఒక్కళ్లదే కాదు. కడుపు ఆమ్లం వల్ల వచ్చే మంటను ఇంగ్లిష్‌లో 'హార్ట్‌బర్న్' అంటారు, మనం 'గుండెల్లో మంట' అంటాం. రెండు భాషలూ పాపం దాన్ని గుండెకే అంటగట్టాయి. కడుపు పైభాగం నుంచి, గుండె నుంచి నొప్పి కబురు మోసే నరాలు వెన్నులో దగ్గర దగ్గరగానే చేరతాయి కాబట్టి మెదడుకు చోటు తేల్చుకోవడం కష్టం. డాక్టర్లు కూడా ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష చూడకుండా కొన్నిసార్లు చెప్పలేరు. అంటే, మంచం మీద పడుకుని 'ఇది గ్యాసే' అని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదన్నట్టు.

అంకెలు రోగాలైన తీరు: షుగర్, బీపీ

'నాకు బీపీ ఉంది' అనే మాట నిజానికి అందరూ అనొచ్చు. బీపీ అంటే రక్తం నాళాల గోడల మీద మోపే ఒత్తిడి. అది లేకపోతే మనిషి లేడు. ఎక్కువగా ఉండటాన్ని మనం ఉట్టి 'ఉండటం' చేశాం. షుగర్‌దీ అదే కథ.

షుగర్ విషయంలో ఒక చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యమేస్తుంది. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున షుగర్ డెసీలీటరుకు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక లీటరుకు పది డెసీలీటర్లు, కాబట్టి 5 లీటర్లకు 50. యాభైని వందతో గుణిస్తే 5,000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాములు. ఒంట్లోని రక్తమంతటిలో ఉన్న చక్కెర ఒక్క చాయ్ చెంచాడు! 250 ఉన్నవాళ్లలో పన్నెండున్నర గ్రాములు, రెండున్నర చెంచాలు. తేడా అంతే. ఆ కాస్త తేడా ఏళ్ల తరబడి ఉండిపోతే కళ్లు, కిడ్నీలు, పాదాల నరాలు దెబ్బతింటాయి.

ఈ లెక్క చూడగానే ఒక ప్రశ్న రావాలి. ఒక్క అరటిపండు తిన్నా ఇంతకంటే ఎక్కువ చక్కెర లోపలికి పోతుంది కదా, మరి అదంతా ఏమవుతోంది? ఇన్సులిన్ దాన్ని కండరాల్లోకి, కాలేయంలోకి ఎప్పటికప్పుడు పంపిస్తుంది. కాబట్టి రోగం చక్కెర తినడంలో కంటే, తిన్నదాన్ని సర్దే పని మందగించడంలో ఎక్కువగా ఉంది. 'షుగర్' అనే పేరు ఈ సంగతి చెప్పదు, చక్కెర డబ్బా వైపు వేలు చూపిస్తుంది. ఫలితం మన ఇళ్లలో రోజూ కనిపిస్తుంది: చాయ్‌లో చక్కెర మానేసి పెద్ద త్యాగం చేసినట్టు కూర్చుని, మధ్యాహ్నం మూడు కప్పుల అన్నం తింటారు. మానేసిన చెంచా చక్కెర 5 గ్రాములు. ఒక కప్పు అన్నంలో పిండిపదార్థం 40 గ్రాముల పైనే, అరిగాక అదంతా గ్లూకోజే. అన్నం మాని జొన్నరొట్టెకో గట్కకో (జొన్నరవ్వ అన్నం) మారినా వాటిలోనూ ఉన్నది పిండే. పీచు వల్ల జొన్న కొంత నెమ్మదిగా అరుగుతుంది, అంతే తప్ప ఎంత తిన్నా లెక్కలోకి రాదనుకోవడం కుదరదు.

పాత పేరు మధుమేహం వేరే సంగతి చెప్పింది. తేనెలాంటి మూత్రం అని. మూత్రానికి చీమలు పట్టడం చూసి మనవాళ్లు ఈ రోగాన్ని గుర్తుపట్టారు. ఐరోపాలో 1776లో మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని ఆవిరి చేసి, మిగిలిన పొడిలో చక్కెర ఉందని చూపించాడు. అయితే రక్తంలో షుగర్ సుమారు 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. పరగడుపున 126 ఉంటేనే ఇప్పుడు షుగర్ వ్యాధి అంటున్నాం. అంటే చీమలు చెప్పేదాకా ఆగితే బాగా ఆలస్యమైనట్టే. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, హెచ్‌బీఏ1సీ, ఎందుకు మూడు నెలలదే అంటారా? ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెరను కొలుస్తారు కాబట్టి. ముందు రోజు ఉపవాసం ఉండి ఈ పరీక్షను మోసం చేయలేం.

బీపీకి ఇంకో బాధ ఉంది. దాని వైద్య నామం 'హైపర్‌టెన్షన్'. ఆ 'టెన్షన్' నాళాల గోడల బిగువు గురించి చెబుతుంది. మనకేమో టెన్షన్ అంటే మనసులో దిగులు, కంగారు. పైగా కోపంగా మాట్లాడితే 'బీపీ లేస్తోందా?' అని వెక్కిరించడం అలవాటు. దాంతో 'నాకేం టెన్షన్లు లేవు, ప్రశాంతంగానే ఉన్నా, గోలీలెందుకు?' అని మానేస్తారు. 140/90 దాటిన బీపీ చాలామందిలో ఏ సూచనా ఇవ్వకుండా ఏళ్ల పాటు ఉంటుంది. ఎంత శాంతమూర్తికైనా రావచ్చు.

గ్లూకోజ్ సీసాలో ఎంత బలం?

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే హనుమకొండ నుంచి భూపాలపల్లి దాకా ఏ చిన్న క్లినిక్ చూసినా సీసాలు వేలాడుతుంటాయి. 'రెండు గ్లూకోజ్‌లు పెట్టించుకున్నా, కొంచెం పానం లేచొచ్చింది' అంటారు. ఆ బలం ఎంతో కొలవొచ్చు.

ఎక్కువగా వాడే 5 శాతం గ్లూకోజ్ సీసాలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల గ్లూకోజ్. అరలీటరు సీసాకు 25 గ్రాములు. శక్తిలో చూస్తే సుమారు 85 కేలరీలు, ఒక అరటిపండుతో సమానం. సెలైన్ అయితే అదీ లేదు. అది 0.9 శాతం ఉప్పు నీళ్లు, అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, కేలరీలు సున్నా.

మరి పానం లేచొచ్చినట్టు అనిపించేది అబద్ధమా? కాదు. జ్వరంలో సరిగా తాగని మనిషికి నీళ్లు ఎక్కితే తేలికగానే ఉంటుంది. గంటసేపు ఫ్యాన్ కింద పడుకోవడం, ఒకరు పక్కన కూర్చోవడం కూడా లెక్కలోకి వస్తాయి. తాగింది తాగినట్టు వాంతి అవుతున్నప్పుడు, డెంగీలో రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోతున్నప్పుడు ఆ సీసా ప్రాణం నిలబెడుతుంది కూడా. నోటితో తాగగలిగిన మనిషికి మాత్రం అది ఖరీదైన నీళ్లు.

ఇక్కడే ఓఆర్ఎస్ గొప్పతనం అర్థమవుతుంది. పేగు గోడలో ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి ఒకే దారిన లోపలికి పోతాయి, నీరు వాటి వెంట పోతుంది. విరేచనాలు అవుతున్నా ఈ దారి తెరిచే ఉంటుంది. 1971 యుద్ధంలో తూర్పు బెంగాల్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, బంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహాలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్, తినేసోడా కలిపిన నీళ్లు తాగించారు. మరణాలు నూటికి ముప్పై దాకా ఉన్నవి నాలుగు లోపుకు దిగాయి. ఇప్పుడు లీటరుకు వాడే పొట్లంలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. ఈ పాళ్లలోనే మహిమంతా. తియ్యదనం మరీ పెరిగితే పేగు నీటిని పీల్చుకోవాల్సింది పోయి ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపినా ఇదే ముప్పు. కాబట్టి ఆ పేరు ఏ డబ్బా మీద పడితే ఆ డబ్బా మీద ఉండకూడదన్న వాదనకు రుచితోనూ వ్యాపారంతోనూ పని లేదు, అది పేగు లెక్క.

అమ్మవారు, సర్పి, కోడి కాని గున్యా

మశూచిని మనవాళ్లు అమ్మవారన్నారు, ఆటలమ్మను చిన్నమ్మవారన్నారు. 'అమ్మ పోసింది' అన్నాక ఆ ఇంటి గడప దగ్గర వేపాకు కనిపిస్తుంది. బయటివాళ్లు రారు, పిల్లను ఎవరూ తిట్టరు, కొట్టరు, మెత్తటి తిండి పెడతారు. అంటు రోగానికి ఇంతకంటే మంచి ఏర్పాటు పాత కాలంలో ఏముంటుంది? మనిషిని వేరుగా ఉంచమని చెప్పే బోర్డు పని వేపకొమ్మ చేసింది. చిక్కల్లా 'అమ్మకు కోపమొస్తుంది, మందు వేయొద్దు' అన్నచోట వస్తుంది. ఆటలమ్మ చిన్నపిల్లల్లో సాధారణంగా దానంతటదే తగ్గుతుంది కానీ గర్భిణుల్లో, పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల దాకా పోగలదు, అప్పుడు వైరస్‌ను అణిచే మందు కావాలి. మశూచి సంగతి టీకాతో తీరిపోయింది. లోకంలో ఆ రోగమే లేదని 1980లో ప్రకటించారు, ఆ అమ్మవారిగా కొలిచిన పోచమ్మ గుడులు మాత్రం పదిలంగా ఉన్నాయి.

అదే ఆటలమ్మ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. నరాల మొదళ్లలో నిద్రపోయి, ఎన్నో ఏళ్లకు ఒక నరం వెంట పైకి లేస్తుంది. దాన్నే సర్పి అంటాం. నడుం చుట్టూ పాములా పాకి తలా తోకా కలిస్తే మనిషి చచ్చిపోతాడని ఒక భయం ఉంది. ఒక్కో నరం ఒంటికి ఒక పక్కనే పరుచుకుంటుంది కాబట్టి సర్పి మామూలుగా మధ్య గీత దాటదు, తలా తోకా కలిసే పరిస్థితి ఉండదు. భయపడాల్సింది కంటి దగ్గర వచ్చినప్పుడు. దానికి వెంటనే వైద్యం కావాలి.

ఇక చికున్‌గున్యా. 2005, 2006 సంవత్సరాల్లో అది మన దగ్గర విరుచుకుపడ్డప్పుడు పేరులో చికెన్ వినబడి కోడికూర మానేసినవాళ్లు ఉన్నారు. అది తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాష మాట, కీళ్ల నొప్పులతో 'వంగిపోయేది' అని అర్థం. కోళ్ల పాపం ఏమీ లేదు, కుట్టేది దోమ.

వేడి చేయడం, వేడి తగలడం

'మామిడిపండ్లు తిని వేడి చేసింది.' ఈ వాక్యం అర్థం కాని తెలుగువాడు లేడు, దీన్ని సరిగ్గా పట్టుకునే మాట అల్లోపతిలో లేదు. నోటిపూత, మూత్రంలో మంట, సెగ్గడ్డలు, కళ్ల మంట అన్నీ ఇందులోనే. థర్మామీటర్ పెడితే మామూలుగానే ఉంటుంది. కొందరు డాక్టర్లు దీన్ని మూఢనమ్మకమని కొట్టేస్తారు. కొందరు మాత్రం, ఎండాకాలం నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడి మంట పుట్టడం నిజమే, దాన్నే వేడి అంటున్నారు, మజ్జిగా సబ్జా నీళ్లూ తాగితే తగ్గడమూ నిజమే అంటారు. రెండో వాదనే నాకు సబబుగా తోస్తుంది, ఒక మినహాయింపుతో: మంటతో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా అది ఇన్‌ఫెక్షన్ కావొచ్చు, మరో రోగం కావొచ్చు, మజ్జిగకు లొంగదు.

వడదెబ్బ దీనికి పూర్తిగా వేరు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో బయట పని చేసేవాళ్లకు దాని సంగతి చెప్పక్కర్లేదు. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి, మనిషి తికమకగా మాట్లాడటమో పడిపోవడమో జరిగితే అది వడదెబ్బ. ఒళ్లు కాలుతోంది కాబట్టి జ్వరం గోలీ వేస్తారు, అది పని చేయదు. జ్వరంలో మెదడే కావాలని వేడిని పెంచుతుంది, పారాసెటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు ఆజ్ఞ మామూలుగానే ఉంటుంది, ఒళ్లు చల్లబడే ఏర్పాటే చేతులెత్తేస్తుంది. అక్కడ పని చేసేవి నీడ, ఒంటి మీద నీళ్లు, గాలి, ఆ వెంటనే ఆసుపత్రి.

ఈ మాటకు ఇప్పుడు డబ్బు విలువ కూడా వచ్చింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ప్రకటించింది. ఉపాధి పని నుంచి ఇంటికొచ్చి సాయంత్రం పడిపోయిన ముసలాయన చావును 'గుండె ఆగి' అని రాస్తే ఒక లెక్క, 'వడదెబ్బ' అని రాస్తే ఇంకో లెక్క. రెండూ కలిసి జరిగి ఉండొచ్చు కూడా. ఎండ గుండెను అలిసిపోయేలా చేస్తుంది.

మరి ఏ మాట వాడాలి?

దీని మీద మూడు వాదాలు వినిపిస్తాయి. మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం లాంటి తెలుగు మాటలే రాయాలని ఒకరు. పత్రికలు చాలావరకు అదే చేస్తాయి, మాటకు ఒక స్థిరమైన అర్థం ఉంటుంది. 'బీపీ, షుగర్ అంటే చదువురాని అవ్వకూ తెలుస్తుంది, మధుమేహం అంటే ఎవరికి తెలుసు?' అని ఇంకొకరు. మూడోవాళ్లు ఏ పేరూ వద్దు, కనిపించేదే చెప్పమంటారు: 'మూతి వంకర పోయిందా, చెయ్యి లేవట్లేదా, మాట తడబడుతోందా, 108కి ఫోన్ చెయ్యండి.' ప్రాణం మీదికొచ్చిన రోగాలకు మూడోదే పనికొస్తుంది. ఏళ్ల తరబడి మోసే రోగాలకు మాత్రం ఒక పేరు కావాలి, పేరు లేకుండా మనిషి గోలీలు మింగడు.

వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ నారాయణరావు పేరు పెట్టారు. ఆయన డాక్టర్ కాదు, జనం మాట్లాడే భాషే భాష అని జీవితమంతా వాదించిన కవి. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ విశ్వవిద్యాలయం కింద చదివే పిల్లలు నేర్చుకునేది ఇంగ్లిష్‌లో. చదువు ముగించి ఓపీలో కూర్చున్నాక 'ఆయాసం వస్తోందా?' అని అడిగితే 'లేదు సారూ' అంటాడు ములుగు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఎందుకంటే ఆయనకు వస్తున్నది 'దమ్ము'. జలుబు లేదంటాడు, 'సర్ది' ఉంది. ఏటూరునాగారం అడవి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో కొందరి ఇంటి భాష కోయ. అక్కడ నొప్పి కోయలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి మారి కేసు షీట్ మీదికి ఎక్కుతుంది. ఆ మొదటి మలుపు దగ్గర నిలబడేది ఎక్కువగా ఆ ఊరి ఆశా కార్యకర్తే. ఆమె ఏ మాటను ఏమని చెబితే డాక్టర్ ఆ రోగానికే పరీక్షలు రాస్తాడు.